డిక్కీలో సిలిండర్, పాలసీలో పెట్రోల్
(విజయవాడ ఆటోనగర్‌లో కార్ల యజమానులు, మెకానిక్‌ల సమావేశంలో ఒక రిటైర్డ్ మోటార్ సర్వేయర్ చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఈ ఆటోనగర్‌లో నేను తిరగని వీధి లేదు. ఇరవై ఆరేళ్లు మోటార్ సర్వేయర్‌గా పనిచేశాను. యాక్సిడెంట్ అయిన బండి దగ్గరికి వచ్చి, ఏ పార్టు పోయింది, రిపేరుకు ఎంతవుతుంది, పాలసీ ప్రకారం ఎంత ఇవ్వాలి అని లెక్కగట్టి కంపెనీకి రిపోర్టు రాయడం సర్వేయర్ పని. ఇక్కడ కూర్చున్న పెద్ద మేస్త్రీల్లో సగం మందితో ఎస్టిమేట్ల దగ్గర వాదించినవాణ్ణే.

ఈరోజు ఒక్క విషయమే మాట్లాడతాను. కారు కొన్నాక దానికి మనం చేయించే మార్పుల గురించి, వాటిని ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పడం గురించి. ఈ విషయం నాకు ఎందుకింత ముఖ్యమో తెలియాలంటే ముందు ఒక బండి సంగతి చెప్పాలి.

చాలా ఏళ్ల కిందటి మాట. హైవే మీద కారు కాలిపోయిందని ఫోన్ వస్తే వెళ్లాను. ఒక స్కూలు మాస్టారి కారు. భార్య, ఇద్దరు పిల్లలతో ఊరెళ్తున్నారు. బానెట్ దగ్గర పొగ చూసి, రోడ్డు పక్కన ఆపి, నలుగురూ దిగిపోయారు. దేవుడి దయ, ఎవరికీ చిన్న గాయం కూడా కాలేదు. కారు మాత్రం పూర్తిగా పోయింది. ఐడీవీ, అంటే పాలసీలో రాసుకున్న కారు విలువ, 2,90,000 రూపాయలు. లోన్ ఇంకా రెండేళ్లు ఉంది.

డిక్కీ తెరిచాను. లోపల ఎల్‌పీజీ సిలిండర్ ఉంది. ఆర్‌సీ చూశాను, ఫ్యూయల్ దగ్గర 'పెట్రోల్' అని ఉంది. పాలసీలోనూ పెట్రోలే. "మాస్టారూ, గ్యాస్ కిట్ ఎప్పుడు పెట్టించారు?" అని అడిగాను. "ఏడాదిన్నర అయింది సార్. పెట్టినాయన 'ఎక్కడా రాయించక్కర్లేదు, ఏం కాదు' అన్నాడు" అన్నారు. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. దాచాలని కూడా దాచలేదు. చెప్పాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు, అంతే.

నేను చూసింది చూసినట్టు రిపోర్టులో రాయాలి. రాశాను. కంపెనీ క్లెయిమ్ తిరస్కరించింది. ఆ కిట్‌కు అప్పట్లో ఆయన పెట్టిన ఖర్చు 28,000. దాన్ని పాలసీలో చేర్పిస్తే ఏడాదికి అదనంగా ఎంత కట్టాలో ఆ రాత్రి ఇంట్లో కూర్చుని లెక్కవేశాను. కిట్ విలువ మీద నాలుగు శాతం, అంటే 1,120. థర్డ్ పార్టీ, అంటే ఎదుటివాళ్లకు జరిగే నష్టం కింద ఇంకో 60. మొత్తం 1,180 రూపాయలు, దాని మీద పన్ను. ఆ అంకె నేను ఇప్పటికీ మర్చిపోలేదు. ఆ ఇల్లాలు "అన్నయ్యగారూ, ముందే ఎవరైనా చెబితే కట్టేవాళ్లం కదా" అన్న మాట కూడా మర్చిపోలేదు. ఆ చెప్పేవాళ్లలో ఒకణ్ణి అవుదామనే రిటైరయ్యాక ఇలా తిరుగుతున్నాను.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఇన్సూరెన్స్ కంపెనీ మీ కారును చూడదు. కాగితం మీద మీరు చెప్పిన కారును చూస్తుంది. ఐడీవీ ఎలా కడతారు? తయారీ కంపెనీ ప్రకటించిన అమ్మకం ధర తీసుకుంటారు, కారు వయసును బట్టి తరుగు తీసేస్తారు. ఆర్నెల్ల లోపు కారుకు 5 శాతం, ఏడాది నుంచి రెండేళ్లయితే 20 శాతం, నాలుగు నుంచి అయిదేళ్లయితే 50 శాతం. మరి మీరు బయట కొనిపెట్టించిన అల్లాయ్ వీల్స్, మ్యూజిక్ సిస్టమ్, సీట్ కవర్లు ఆ అమ్మకం ధరలో ఉన్నాయా? లేవు. కాబట్టి విడిగా రాయించకపోతే పాలసీ దృష్టిలో వాటి విలువ సున్నా. కారు దొంగతనానికి గురైతే మీ 60,000 రూపాయల సౌండ్ సిస్టమ్‌కు ఒక్క రూపాయి రాదు. అందులో కంపెనీ మోసం ఏమీ లేదు, దాని మీద మనం ప్రీమియమే కట్టలేదు.

మన దేశంలో మోటార్ పాలసీల షరతులు ఎక్కువగా 2002 నాటి ఇండియా మోటార్ టారిఫ్ అనే రేట్ల, షరతుల పుస్తకం నుంచి వచ్చినవి. ప్రీమియం రేట్లను 2007 నుంచి కంపెనీలకు వదిలేశారు గానీ, ఆ పుస్తకంలోని ఎండార్స్‌మెంట్ల, అంటే పాలసీకి జతచేసే మార్పుల, నంబర్లు ఇంకా నడుస్తున్నాయి. మీ పాలసీ కాగితం మీద చిన్న అక్షరాల్లో ఐఎంటీ (ఆ టారిఫ్ పేరుకే పొట్టి రూపం) అని, పక్కన అంకెలు ఉంటాయి, గమనించండి. ఐఎంటీ 24 అంటే ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్ వస్తువులు. ఐఎంటీ 25 అంటే సీఎన్‌జీ, ఎల్‌పీజీ కిట్. మీ కారులో గ్యాస్ కిట్ ఉండి, పాలసీలో 25 అన్న అంకె లేకపోతే ఈరోజే పని మొదలుపెట్టాలి. నాలుగు శాతం అన్నది ఆ టారిఫ్ లెక్క. ఇప్పుడు కంపెనీని బట్టి కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు. అయినా 50,000 రూపాయల కిట్‌కు ఏడాదికి రెండు వేల చిల్లర. నెలకు ఒకసారి ట్యాంకు నింపించే ఖర్చు కంటే తక్కువే.

గ్యాస్ కిట్ గురించి ఇంకొంచెం సేపు మాట్లాడతాను, ఎందుకంటే మన దగ్గర ఎక్కువ ఇళ్లు దెబ్బతినేది ఇక్కడే. కారు టైరులో గాలి ఎంత ఉంటుంది? రెండు బార్ల చిల్లర. నిండా నింపిన సీఎన్‌జీ సిలిండర్‌లో 200 బార్ ఉంటుంది. అంటే టైరులో ఉన్న ఒత్తిడికి తొంభై రెట్లు. అది పిల్లలు కూర్చునే వెనక సీటు వెనకాల ఉంటుంది. అందుకే ఆ సిలిండర్‌కు ప్రతి మూడేళ్లకు హైడ్రో టెస్టు, అంటే నీటి ఒత్తిడితో చేసే పరీక్ష, చేయించాలన్న నియమం ఉంది. అందుకే మీ మోడల్‌కు ఆమోదం పొందిన కిట్టే వేయాలి. బీఎస్-6 (కొత్త కాలుష్య ప్రమాణాల) పెట్రోల్ కార్లకు కూడా బయట కిట్ పెట్టించుకోవడానికి 2022లో కేంద్రం నిబంధనలు తెచ్చింది, కాబట్టి దొంగచాటుగా చేయించాల్సిన అవసరం కూడా లేదు. ఆమోదం ఉన్న కిట్, అనుమతి ఉన్న సెంటర్, వాళ్లిచ్చే సర్టిఫికెట్. ఆ కాగితాలతో ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లి ఆర్‌సీలో ఫ్యూయల్ మార్పించుకోవాలి. లోన్ ఉంటే బ్యాంకు అనుమతి కూడా కావాలి. ఆ తరువాతే ఇన్సూరెన్స్ కంపెనీ. ఈ వరస మార్చకండి. ఆర్‌సీలో లేని గ్యాస్‌ను పాలసీలో చేర్చమంటే కంపెనీ ఒప్పుకోదు.

ఇంకో మాట. ఇంటి వంట సిలిండర్ నుంచి మోటారు పెట్టి కారుకు గ్యాస్ ఎక్కించే షెడ్లు కొన్ని ఊళ్లలో ఉన్నాయి. మీకు తెలుసు, నాకూ తెలుసు. అది చట్టవిరుద్ధం. దయచేసి ఆ పని చేయకండి, చేసేవాళ్లను ఆపండి. ఆ షెడ్ల పక్కనే ఇళ్లుంటాయి.

చట్టం ఏమంటోందో కూడా తెలుసుకోండి. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ఉంది. ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు తేడా పడేలా బండిని మార్చకూడదని దాని సారాంశం. గ్యాస్, బ్యాటరీ లాంటి వేరే ఇంధనానికి మార్చుకోవడానికి అందులోనే దారి ఇచ్చారు, షరతులతో. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు దీన్ని ఇంకా స్పష్టం చేసింది. తయారీదారు స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా బండి నిర్మాణం మార్చడానికి వీల్లేదని చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణ వచ్చింది. సెక్షన్ 182ఎ కింద అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ.

కాబట్టి మార్పుల్లో తేడా గ్రహించాలి. కొన్నిటికి ఇన్సూరెన్స్ కంపెనీకి చెబితే చాలు. మ్యూజిక్ సిస్టమ్, సీట్ కవర్లు, రివర్స్ కెమెరా ఇలాంటివి. కొన్నిటికి ముందు ఆర్టీఏ, తరువాత కంపెనీ. గ్యాస్ కిట్, ఇంజిన్ మార్చడం, రంగు మార్చడం. రంగు కూడానా అంటారేమో. ఆర్‌సీలో రంగు రాసి ఉంటుంది కదా, తెల్లకారుకు పాలసీ తీసుకుని నల్లకారుకు క్లెయిమ్ అడిగితే సర్వేయర్ మొదట అడిగేది అదే. ఇక కొన్నిటిని ఎవరికి చెప్పినా లాభం లేదు. ముందు పెట్టే ఇనప బుల్ బార్ అలాంటిదే. దీని మీద 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు లేఖ రాసింది. గుద్దుకున్నప్పుడు నలిగి దెబ్బను మింగడానికే బంపర్‌ను, ముందు భాగాన్ని తయారుచేస్తారు. దాని ముందు ఇనప కమ్మీ పెడితే దెబ్బ నేరుగా ఛాసిస్‌కు, లోపలున్న మనిషికి చేరుతుంది. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే తీరు కూడా దెబ్బతినొచ్చు. రోడ్డు మీద నడిచేవాడి కాళ్ల సంగతి నేను చెప్పక్కర్లేదు. ఈరోజు ఇంటికి వెళ్లగానే తీయించేయండి.

(సభలో ఒకరు: "సార్, ఎల్‌ఈడీ లైట్లు వేయిస్తే కూడా చెప్పాలా? అందరూ వేయిస్తున్నారు కదా.")

మంచి ప్రశ్న తమ్ముడూ, కూర్చో. బల్బు కంటే నాకు ఎక్కువ భయం వైరు గురించి. కంపెనీ హార్నెస్, అంటే కారులోని వైర్ల కట్ట, ఒక లెక్క ప్రకారం వేసింది. ఫలానా మందం వైరు, ఫలానా ఫ్యూజు, ఇంత కరెంటు. దాన్ని మధ్యలో కోసి, పైన టేపు చుట్టి, రిలే లేకుండా ఎక్కువ వాట్ల బల్బు బిగిస్తే వైరు వేడెక్కుతుంది. మొదటి వేసవి గడిచిపోతుంది. రెండో వేసవిలో టేపు జిగురు కారిపోతుంది. కాలిపోయిన కార్లు చాలా చూశాను. మంట ఎక్కడ మొదలైందో వైర్లు చెబుతాయి, రాగి తీగ చివర కరిగి చిన్న పూసలా ముద్ద కడుతుంది. ఆ పూస కోసిన చోట కనిపిస్తే సర్వేయర్ రాయక తప్పదు. కారు కంపెనీ వారంటీ కూడా అక్కడే పోతుంది. కాబట్టి లైటు వేయించుకోవాలంటే తయారీ కంపెనీ యాక్సెసరీగా అమ్మేదే, వైరు కోయకుండా ప్లగ్‌లాంటి కప్లర్‌తో బిగించేదే వేయించు. బిల్లు తీసుకో. ఆ బిల్లు కంపెనీకి పంపి పాలసీలో చేర్పించు. మేస్త్రీలకు నా మనవి ఒకటే. కస్టమర్ తొందరపెట్టినా వైరు కోయకండి. మీ చేతి పని మీద ఒక కుటుంబం కూర్చుని ప్రయాణం చేస్తుంది.

కుర్రాళ్లు కొందరు ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్పించి పవర్ పెంచుకుంటున్నారు. స్టేజ్ వన్ ట్యూనింగ్ అంటున్నారు. బయటికి ఏమీ కనిపించదు కాబట్టి తెలియదనుకుంటారు. స్కానర్ పెడితే చాలా కార్లలో తెలిసిపోతుంది. పెద్ద క్లెయిమ్ వస్తే స్కానర్ పెడతారు కూడా.

"నా కారుకు ఏమైనా నేను పడతాను, ఎదుటివాళ్లకు థర్డ్ పార్టీ ఉంది కదా" అని ధీమాగా ఉండేవాళ్లూ ఉన్నారు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ బాధితుడి కోసం పుట్టిన చట్టం, నిజమే. కానీ ముఖ్యమైన విషయం దాచి పాలసీ తీసుకున్నారన్నది, చట్టం కంపెనీకి ఇచ్చిన కొద్ది వాదనల్లో ఒకటి. కోర్టులు బాధితుడిని వదిలేయవు. షరతు తప్పారని తేలిన కేసుల్లో ముందు కంపెనీని కట్టమని, తరువాత ఆ డబ్బు యజమాని నుంచి రాబట్టుకోమని తీర్పులిస్తుంటాయి. మరణం కేసులో ఆ మొత్తం ఎంతుంటుందో ఊహించుకోండి. ఇల్లు అమ్మినా తీరదు.

ఇప్పటిదాకా భయపెట్టే మాటలే చెప్పాను. చెబితే లాభం వచ్చే చోట్లు కూడా ఉన్నాయి. వాహనాలను పరీక్షించే ఏఆర్‌ఏఐ సంస్థ ఆమోదించిన దొంగతన నిరోధక పరికరం పెట్టించి సర్టిఫికెట్ చూపిస్తే, అదే టారిఫ్ ప్రకారం ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో, అంటే మన కారుకు జరిగే నష్టం కోసం కట్టేదాంట్లో, రెండున్నర శాతం తగ్గుతుంది, గరిష్ఠంగా 500 రూపాయలు. అది చిన్నదే. పెద్దది ఇంకొకటి ఉంది, చాలామందికి తెలియదు. వికలాంగుల కోసం మార్చిన కారు, అంటే చేత్తో బ్రేకు, యాక్సిలరేటర్ నొక్కేలా అమర్చిన కారు, ఆ మార్పు ఆర్‌సీలో నమోదై ఉంటే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో సగం తగ్గించాలని టారిఫ్‌లో ఉంది. ఐఎంటీ 12. మా బాబాయి కొడుక్కి చిన్నప్పుడే పోలియో వచ్చింది. అలాంటి కారు కొనుక్కుని ఆరేళ్లు పూర్తి ప్రీమియం కట్టాడు. ఏజెంటూ చెప్పలేదు, వాడూ అడగలేదు. నేనైనా అడిగి చూడాల్సింది, ఇంట్లోవాడే కదా. ఏడో ఏడు ఆర్‌సీ కాపీ పంపించాం, ప్రీమియం తగ్గింది. మీ వీధిలో అలాంటి కారు నడిపేవాళ్లుంటే ఈ సంగతి ఈ సాయంత్రమే చెప్పండి.

చెప్పడం ఎలా అన్నది చూద్దాం. మాటల్లో చెప్పింది చెప్పినట్టు కాదు. "ఏజెంటుకు ఫోన్ చేసి చెప్పానండీ" అని ఎంతమంది నా ముందు ఏడ్చారో. ఆ ఫోన్‌కు రుజువు ఉండదు. ఒక ఈమెయిల్ రాయండి. తెలుగులో రాసినా ఫరవాలేదు. ఫలానా నంబరు కారు, ఫలానా పాలసీ నంబరు, ఫలానా తేదీన ఈ వస్తువు బిగించాను, ఖరీదు ఇంత, బిల్లు, ఫోటోలు, మారిన ఆర్‌సీ జతచేశాను, అదనపు ప్రీమియం ఎంతో చెప్పండి, ఎండార్స్‌మెంట్ పంపండి. అంతే. గ్యాస్ కిట్ అయితే కిట్ నంబరు, సిలిండర్ నంబరు కూడా రాయండి. వాళ్లు బండి చూస్తామంటే చూపించండి. ఎండార్స్‌మెంట్ కాగితం చేతికి వచ్చేదాకా పని పూర్తి కాలేదని గుర్తుపెట్టుకోండి. ఫిట్టింగ్ చేసే మేస్త్రీలు పక్కా బిల్లు ఇవ్వాలి. తెల్లకాగితం మీద పెన్నుతో రాసిచ్చిన అంకె క్లెయిమ్ దగ్గర నిలబడదు.

రెన్యువల్ దగ్గర ఇంకో చిక్కుంది. ఇప్పుడు అందరం ఫోన్‌లోనే రెండు నిమిషాల్లో రెన్యువల్ చేస్తున్నాం. అక్కడ 'బయట బిగించిన గ్యాస్ కిట్ ఉందా', 'యాక్సెసరీలు ఉన్నాయా' అని గడులు ఉంటాయి. ముందే 'లేదు' అని పెట్టి ఉంటుంది, మనం కిందికి జరిపేసి డబ్బు కట్టేస్తాం. ఆ 'లేదు' మీరు రాసినట్టే లెక్క. కంపెనీ మారినప్పుడు అయితే పాత ఎండార్స్‌మెంట్లు వాటంతటవే రావు, మళ్లీ చెప్పాలి. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు డిక్కీ కార్పెట్ ఎత్తి చూడండి. సిలిండర్ తీసేసినా బోల్టు రంధ్రాలు కనిపిస్తాయి. పాలసీ మీ పేరుకు మార్చమని పద్నాలుగు రోజుల్లోపు కంపెనీకి దరఖాస్తు పెట్టుకోవాలి, కారులో ఏమేం మార్పులున్నాయో అప్పుడే చెప్పేయండి.

ఇంగ్లండ్‌లో ఉన్న మన పిల్లలకు కూడా ఒక ముక్క చెప్పండి. అక్కడ ఈ విషయంలో ఇంకా గట్టిగా ఉంటారు. అల్లాయ్ వీల్స్ మార్చినా చెప్పమంటారు. 2012లో వాళ్లు తెచ్చిన చట్టం ప్రకారం, అజాగ్రత్తగా తప్పు సమాధానం ఇస్తే, కట్టాల్సిన ప్రీమియంలో ఎంత వంతు కట్టారో క్లెయిమ్‌లో అంత వంతే ఇవ్వొచ్చు. కావాలని దాచితే మొత్తం పోతుంది.

ఇప్పటికే క్లెయిమ్ తిరస్కరించారా? వెంటనే చేతులెత్తేయకండి. మీరు చేయించిన మార్పుకూ, జరిగిన నష్టానికీ సంబంధం ఉందా అని అడగండి. కారు దొంగతనం అయితే ఫాగ్ ల్యాంపులకూ దొంగకూ ఏం సంబంధం? 2008లో సుప్రీంకోర్టుకు ఒక కేసు వచ్చింది. సొంత వాడకానికి పాలసీ తీసుకున్న కారును అద్దెకు తిప్పుతుండగా ఎత్తుకుపోయారు. దొంగతనంలో ఆ షరతు తప్పడం ముఖ్యం కాదని, మొత్తం క్లెయిమ్ తోసిపుచ్చకూడదని కోర్టు చెప్పి, 75 శాతం ఇవ్వాలన్న కింది తీర్పును నిలబెట్టింది. అది వాడకం గురించిన కేసు, మార్పుల గురించి కాదు. అయినా ఆ వాదన మీకూ పనికొస్తుంది. సర్వే రిపోర్టు కాపీ అడగండి, అది మీ హక్కు. కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. ముప్ఫై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్, అంటే కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చే అధికారి, దగ్గరికి వెళ్లొచ్చు. మన రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి, అది మాత్రం మర్చిపోవద్దు. మా మాస్టారు ఆ ఏడాది గడిచిపోయాక నాకు ఫోన్ చేశారు.

బయట వేపచెట్టు కింద బల్ల వేయించారు. నేను సాయంత్రం ఆరింటి దాకా అక్కడే ఉంటాను. ఆర్‌సీ, పాలసీ ఫోన్‌లో ఉన్నా చాలు, పట్టుకురండి, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం. గ్యాస్ కిట్ ఉన్నవాళ్లు ముందు రండి.